కిడ్నీ మార్పిడి జరిగిన పిల్లల్లో మూత్రసంచి జాగ్రత్తలు: కోనసీమ లబ్ధిదారుల కుటుంబాలకు సమాచారం

ఈ సమాచారం ఎవరి కోసం?

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకు ఆరోగ్యశ్రీ అనేవాళ్లం) ద్వారా గానీ, ఇంకో రకంగా గానీ పిల్లలకు కిడ్నీ మార్పిడి చేయించిన కుటుంబాల కోసం. త్వరలో చేయించబోతున్న వాళ్ల కోసం కూడా. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆపరేషన్ కోసం విశాఖపట్నమో, హైదరాబాదో వెళ్లి, మళ్లీ ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకునే తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని రాశాం. తీరిగ్గా చదవండి. చదవడం రాని వాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి.

అసలు విషయం ఏంటంటే

కిడ్నీ మార్పిడి అనగానే అందరి దృష్టీ కిడ్నీ మీదే ఉంటుంది. క్రియాటినిన్ ఎంత, మందులు వేళకు వేశామా, ఇవే చూస్తాం. అవి ముఖ్యమే. కానీ కిడ్నీ తయారుచేసిన మూత్రం వెళ్లి చేరేది మూత్రసంచిలోకి. ఆ సంచి సరిగా నిండి, సరిగా ఖాళీ అవ్వకపోతే మూత్రం వెనక్కి తన్ని కొత్త కిడ్నీనే దెబ్బతీస్తుంది. పిల్లలకు కిడ్నీ ఇచ్చేది చాలా ఇళ్లలో అమ్మో నాన్నో. అంత కష్టపడి ఇచ్చిన కిడ్నీ పదికాలాలు పని చెయ్యాలంటే మూత్రసంచిని కూడా కిడ్నీతో సమానంగా చూసుకోవాలి.

పెద్దవాళ్లకూ పిల్లలకూ తేడా ఏంటి?

పెద్దవాళ్లలో కిడ్నీలు పాడవడానికి ఎక్కువగా షుగర్, బీపీ కారణం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. అది ఎక్కువగా పెద్దవాళ్లలో కనిపించే జబ్బు. పిల్లల సంగతి వేరు. చాలామంది పిల్లల్లో కిడ్నీలు పాడవడానికి మూలం పుట్టుకతోనే ఉంటుంది. ముఖ్యంగా ఇవి:

• మగపిల్లల్లో మూత్రం బయటకొచ్చే దారిలో పుట్టుకతోనే పొర అడ్డుపడటం. దీన్ని డాక్టర్లు వాల్వ్ సమస్య అంటారు. కడుపులో ఉండగానే మూత్రసంచి ఆ అడ్డుతో పోరాడి పోరాడి గోడలు మందంగా, గట్టిగా అయిపోతుంది.
• వెన్నుపూస సరిగా మూసుకోకపోవడం. వెన్నులోని నరాలే మూత్రసంచిని నడిపిస్తాయి. అవి దెబ్బతింటే సంచి నిండిందని పిల్లలకు తెలియదు, పూర్తిగా ఖాళీ చెయ్యడమూ రాదు.
• మూత్రం సంచిలోంచి కిడ్నీల వైపు వెనక్కి వెళ్లడం. దీన్ని రిఫ్లక్స్ అంటారు.

ఇలాంటి పిల్లలకు కొత్త కిడ్నీ పెట్టినా మూత్రసంచి మాత్రం పాతదే. పాత కిడ్నీలను పాడుచేసిన కారణం ఇంకా ఒంట్లోనే ఉంది. దాన్ని సరిచెయ్యకపోతే కొత్త కిడ్నీకీ అదే గతి పట్టొచ్చు. డాక్టర్లు మూత్రసంచి గురించి పదే పదే అడిగేది ఇందుకే.

ఆపరేషన్ ముందు ఏ పరీక్షలు చేస్తారు?

"కిడ్నీ పాడైతే మూత్రసంచికి పరీక్షలెందుకు?" అని చాలామంది అడుగుతారు. కారణం పైన చెప్పిందే. సాధారణంగా చేసేవి:

• స్కానింగ్: మూత్రం పోశాక సంచిలో ఇంకా ఎంత మిగిలిందో చూస్తారు.
• ఫ్లో పరీక్ష: ఒక యంత్రంలో మూత్రం పోయిస్తారు. ధార ఎంత బలంగా వస్తుందో గీత పడుతుంది. నొప్పి ఉండదు.
• ఎక్స్‌రే పరీక్ష: సన్న పైపు ద్వారా సంచిలోకి మందు ఎక్కించి, మూత్రం వెనక్కి వెళ్తోందా, దారిలో అడ్డు ఉందా అని చూస్తారు.
• యూరోడైనమిక్స్: సంచి లోపల ఒత్తిడి ఎంతుందో కొలుస్తారు. వాల్వ్ సమస్య, వెన్నుపూస సమస్య ఉన్న పిల్లలకు ఇది చాలా ముఖ్యం.

పిల్లల మూత్రసంచి ఎంత పడుతుందో తెలుసుకోడానికి ఒక తేలిక లెక్క ఉంది. వయసుకు 1 కలిపి 30తో గుణించండి. 7 ఏళ్ల పాపకు 8 × 30 = 240 మిల్లీలీటర్లు. ఈ లెక్క 12 ఏళ్ల లోపు పిల్లలకు. ఇది సుమారు అంచనా మాత్రమే. మీ పిల్లలు ఒకసారికి పోసేది దీనికంటే బాగా తక్కువున్నా, బాగా ఎక్కువున్నా డాక్టరుకు చెప్పండి.

సంచి మరీ చిన్నగా, గట్టిగా ఉంటే కొందరికి పేగు ముక్కతో దాన్ని పెద్దది చేస్తారు. కొందరికి అపెండిక్స్‌తో బొడ్డు దగ్గర చిన్న దారి పెట్టి, అందులోంచి పైపుతో మూత్రం తీసే ఏర్పాటు చేస్తారు. అందరికీ ఇవి అవసరం ఉండదు. చెప్పినప్పుడు భయపడి వాయిదా వెయ్యకండి. ఎందుకు కావాలో, ఎప్పుడు చేస్తారో అడిగి తెలుసుకోండి.

ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో

కొత్త కిడ్నీని నడుము వెనక పెట్టరు. పొట్ట కింద ఒక పక్కన పెడతారు. దాని మూత్రనాళాన్ని మూత్రసంచికి కుడతారు. పాత కిడ్నీలను చాలామందిలో అలాగే ఉంచేస్తారు. అందుకని కొత్త కిడ్నీకి ఇబ్బంది వస్తే నొప్పి నడుములో కాదు, పొట్ట కింద రావొచ్చు. ఒక్కోసారి నొప్పి తెలియను కూడా తెలియదు.

కుట్టిన చోట మానేదాకా మూత్రనాళంలో సన్నటి గొట్టం పెడతారు. దాన్ని స్టెంట్ అంటారు. సాధారణంగా కొన్ని వారాల్లోనే తీసేస్తారు. ఇక్కడే ఒక పెద్ద జాగ్రత్త. ఇంటికొచ్చాక పిల్లాడు బాగానే ఉన్నాడు కదా అని స్టెంట్ తీయించడం మర్చిపోయిన కుటుంబాలున్నాయి. మర్చిపోయిన స్టెంట్ మీద రాయి కడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, కిడ్నీకే ప్రమాదం. డిశ్చార్జి రోజునే ఈ రెండు ప్రశ్నలు అడగండి: "స్టెంట్ పెట్టారా? ఏ తారీఖున తీస్తారు?" ఆ తారీఖు ఇంట్లో క్యాలెండరు మీద రాసి పెట్టండి.

ఇంకో మార్పు కూడా ఉంటుంది. డయాలసిస్ మీద ఉన్నప్పుడు కొందరు పిల్లలకు మూత్రం దాదాపు వచ్చేదే కాదు. సంచి ముడుచుకుపోయి ఉంటుంది. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టగానే ఒక్కసారిగా లీటర్ల కొద్దీ మూత్రం వస్తుంది. అందుకని మొదట్లో మాటిమాటికీ వెళ్లడం, పక్క తడపడం మామూలే. పిల్లల్ని తిట్టకండి, నవ్వకండి. చాలామందిలో సంచి మెల్లగా సాగి సర్దుకుంటుంది. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

రావడానికి వీలున్న ఇబ్బందులు

1. మూత్రంలో ఇన్ఫెక్షన్. అన్నిటికంటే ఎక్కువగా వచ్చేది ఇదే, అదీ మొదటి నెలల్లో. కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది. అందుకే జ్వరం పెద్దగా కనపడకుండానే ఇన్ఫెక్షన్ ముదిరిపోవచ్చు.
2. కుట్టిన చోట మూత్రం కారడం. మొదటి రోజుల్లో, వారాల్లో వస్తుంది. పొట్ట ఉబ్బడం, గాయం దగ్గర నీళ్లలా కారడం, మూత్రం తగ్గడం గుర్తులు.
3. మూత్రనాళం ఇరుకైపోవడం. నెలల తర్వాత కూడా రావొచ్చు. పిల్లలకు ఏమీ తెలియదు, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతుంది. అందుకే బాగున్నా సరే పరీక్షలు మానకూడదు.
4. మూత్రం వెనక్కి వెళ్లడం, సంచిలో మూత్రం మిగిలిపోవడం.
5. రాళ్లు. పేగుతో సంచి పెద్దది చేసిన పిల్లల్లో జిగురు ఊరుతుంది. డాక్టరు చెప్పిన ప్రకారం సంచిని కడగకపోతే రాళ్లు కడతాయి.
6. బీకే అనే వైరస్. మందుల మోతాదు ఎక్కువైనప్పుడు తలెత్తి కొత్త కిడ్నీని దెబ్బతీస్తుంది. రక్తం, మూత్రం పరీక్షల్లోనే తెలుస్తుంది.

ఈ గుర్తులు కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి

• జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ
• మూత్రంలో మంట, దుర్వాసన, మడ్డి, రక్తం
• కొత్త కిడ్నీ ఉన్న చోట నొప్పి, వాపు
• మూత్రం బాగా తగ్గిపోవడం లేదా ఆగిపోవడం
• వాంతులతో మందులు నిలవకపోవడం
• ముఖం, కాళ్లు ఉబ్బడం, బీపీ పెరగడం

"రేపు చూద్దాంలే" అనుకోకండి. దగ్గర్లో ఉన్న అమలాపురం ప్రభుత్వాసుపత్రికో, కాకినాడ జీజీహెచ్‌కో వెళ్లండి. అర్జెంటైతే 108కి ఫోన్ చెయ్యండి. వెళ్లగానే మొదటి మాటగా "మా పిల్లకు కిడ్నీ మార్పిడి జరిగిందండి" అని చెప్పండి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఫోన్ కలిపి ఇక్కడి డాక్టరుతో మాట్లాడించండి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే మూత్రం కల్చర్‌కు ఇవ్వాలి. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార పట్టాలి. మందు వేశాక పడితే ఏ క్రిమి ఉందో తేలదు.

మెడికల్ షాపులో సొంతంగా మందు కొనకండి. ఒళ్లు నొప్పులకు వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీకి చేటు. కొన్ని యాంటీబయాటిక్‌లు, ఫంగస్ మందులు టాక్రోలిమస్ మోతాదును రక్తంలో పెంచేస్తాయి. నాటు మందులు, కషాయాలు అసలే వద్దు.

ఇంట్లో రోజూ చెయ్యాల్సినవి

గడియారం చూసి మూత్రానికి పంపండి. వస్తోందా లేదా అని అడగొద్దు. మెలకువగా ఉన్నంతసేపూ 2–3 గంటలకోసారి వెళ్లాలి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి.

రెండుసార్లు పోయించండి. ఒకసారి పోశాక రెండు మూడు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించమనండి. మిగిలిపోయింది బయటకొస్తుంది.

కూర్చునే తీరు చూడండి. వెస్టర్న్ టాయిలెట్ మీద పిల్లల కాళ్లు గాల్లో వేలాడకూడదు. కాళ్ల కింద చిన్న పీట వెయ్యండి. ముక్కొద్దు, తొందరొద్దు.

మలబద్ధకం రానివ్వకండి. పేగులో మలం గట్టిపడితే పక్కనే ఉన్న మూత్రసంచిని నొక్కుతుంది. ఇన్ఫెక్షన్‌కు ఇదో పెద్ద కారణం, ఎవరూ పట్టించుకోరు. రెండు రోజులకు మించి విరేచనం అవ్వకపోతే డాక్టరును అడగండి.

నీళ్లు డాక్టరు చెప్పిన కొలత ప్రకారం తాగించండి. లీటరు సీసాలు లెక్కపెట్టి పెట్టుకుంటే తేలిక. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, అవి వద్దు. కాచి చల్లార్చిన మంచినీళ్లే ఇవ్వండి.

కొబ్బరి బొండాం విషయం. మన ఇంటి చెట్టు కాయే కదా, చలవ చేస్తుంది, మూత్రం జారీగా వస్తుంది అని పెద్దవాళ్లు తాగిస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. టాక్రోలిమస్ వాడే పిల్లల్లో పొటాషియం ఎలాగూ పెరిగే వీలుంది. అది మితిమీరితే గుండెకు ప్రమాదం. రక్తపరీక్ష చూసి డాక్టరు సరే అంటేనే, చెప్పినంతే ఇవ్వండి. అరటిపండుకూ ఇదే మాట. పంపర పనస మాత్రం పూర్తిగా మానెయ్యాలి. అది మందు మోతాదును పెంచేస్తుంది.

కాలువలో, చెరువులో ఈతకు డాక్టరు చెప్పేదాకా పంపకండి.

మూత్రం డైరీ రాయండి. చెకప్‌కు వెళ్లే ముందు మూడు రోజులు: ఎన్నింటికి వెళ్లారు, కొలత కప్పులో ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత నీళ్లు తాగారు, బట్టలు తడిశాయా. ఒక నోటుబుక్కు చాలు. దాన్ని చూసి డాక్టరు చాలా విషయాలు చెప్పగలుగుతారు.

పైపుతో మూత్రం తియ్యమన్నారు. భయమేస్తోంది, ఏం చెయ్యాలి?

సంచి తనంతట తాను ఖాళీ కాని పిల్లలకు సన్న పైపు (కాథెటర్) వేసి రోజుకు 4–6 సార్లు మూత్రం తీసి, వెంటనే పైపు బయటకు తీసెయ్యాలి. 1972లో అమెరికాలో ల్యాపిడెస్ అనే డాక్టరు ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. పైపు నూటికి నూరు పాళ్లు క్రిమిరహితంగా లేకపోయినా పర్వాలేదు, చేతులు శుభ్రంగా ఉండి వేళ తప్పకుండా సంచి ఖాళీ అవ్వడమే ముఖ్యం అని ఆయన చూపించారు. అప్పటినుంచి ప్రపంచమంతా ఎంతోమంది పిల్లల కిడ్నీలను ఈ పద్ధతి కాపాడుతోంది.

• ఆసుపత్రిలో నర్సు దగ్గర నేర్చుకోండి. మీరు స్వయంగా రెండు మూడుసార్లు చేసి చూపించాకే డిశ్చార్జి తీసుకోండి.
• ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోవాలి. అమ్మకు జ్వరం వస్తే నాన్నో, అమ్మమ్మో చెయ్యగలగాలి.
• చేతులు సబ్బుతో కడగడం తప్పనిసరి.
• వేళ తప్పించొద్దు. ఒకసారి మానేస్తే సంచి ఉబ్బి మూత్రం వెనక్కి తంతుంది.
• కాస్త పెద్దయ్యాక పిల్లలే సొంతంగా చేసుకోగలరు.
• వెన్నుపూస సమస్య ఉన్న పిల్లలకు రబ్బరు (లేటెక్స్) అలర్జీ రావొచ్చు. లేటెక్స్ లేని పైపులు, గ్లవుజులు అడగండి.
• పైపు వాడే పిల్లల మూత్రపరీక్షలో ఏ బాధా లేకుండానే క్రిములు కనిపించొచ్చు. ప్రతిసారీ మందు అక్కర్లేదు. డాక్టరే నిర్ణయించాలి.

సంచి ఒత్తిడి తగ్గించే మాత్రలు వాడితే నోరు ఎండిపోవడం, మలబద్ధకం, ఎండలో చెమట పట్టక ముఖం ఎర్రబడటం ఉంటాయి. వేసవిలో నీడపట్టున ఉంచండి.

బడి, ప్రయాణాలు, తీర్థాలు, వరదలు

బడి: హెడ్మాస్టరుగారిని కలిసి డాక్టరు చీటీ ఇవ్వండి. "మా పాపకు 2–3 గంటలకోసారి బాత్రూంకి వెళ్లాలండి, నీళ్ల సీసా దగ్గరుండాలి, అడగ్గానే పంపండి" అని చెప్పండి. బాత్రూం బాగోలేదనో, తోటి పిల్లలు ఏడిపిస్తారనో పిల్లలు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బిగబట్టుకుంటారు. నీళ్లు తాగడమే మానేస్తారు. రోజూ అడిగి తెలుసుకోండి. బ్యాగులో ఒక జత బట్టలు పెట్టండి.

ప్రయాణం: అమలాపురం నుంచి విశాఖపట్నం బస్సులో గంటల తరబడి కూర్చోవాలి. మధ్యలో ఎక్కడ ఆగుతుందో ముందే కండక్టరును అడగండి. మూత్రం వస్తుందని నీళ్లు మాన్పించకండి. రైలైతే బాత్రూం ఉంటుంది. కిడ్నీ మార్పిడికో, డయాలసిస్‌కో వెళ్లే రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ స్లీపర్, థర్డ్ ఏసీ క్లాసుల్లో రైల్వే 75 శాతం రాయితీ ఇస్తుంది. రాయితీ ఫారం మీద ఆసుపత్రిలో సంతకం, ముద్ర వేయించుకోవాలి.

తీర్థాలు: జగ్గన్నతోట ప్రభలకు వెళ్లినా, అంతర్వేది కల్యాణానికి వెళ్లినా గడియారం గడియారమే. జనంలో దుమ్ముకు మాస్కు పెట్టండి. వేళకు బాత్రూం దొరికే చోట ఉండండి.

వరదలు: 2022 జూలైలో గోదావరి వరదకు లంక గ్రామాల్లో రాకపోకలు ఎలా ఆగిపోయాయో మీకు గుర్తే. జూలై, ఆగస్టు నెలల్లో కనీసం 15 రోజుల మందులు, పైపులు, సబ్బు, మంచినీళ్లు ముందే సర్దుకోండి. ఫైలు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. కాగితాలన్నీ ఫోన్లో ఫొటో తీసుకోండి. నీళ్లు పెరుగుతున్నాయంటే పడవ కోసం చూడకుండా ముందే బంధువుల ఊరికి చేరండి. ఈ పిల్లలకు ఒక పూట మందు తప్పినా ప్రమాదమే.

పథకాల సాయం ఎలా పొందాలి?

• డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ: నెట్‌వర్క్ ఆసుపత్రిలో అడుగు పెట్టగానే వైద్య మిత్ర (ఆరోగ్య మిత్ర) కౌంటరుకు వెళ్లండి. బియ్యం కార్డు, ఆధార్, పాత రిపోర్టులు తీసుకెళ్లండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ చికిత్స పథకంలో ఉందా? ఆపరేషన్ తర్వాత మందులు ఎన్నాళ్లు వస్తాయి? మూత్రసంచి పరీక్షలు, స్టెంట్ తీయడం ఇందులోనే వస్తాయా? డబ్బు అడిగినా, అనుమానం వచ్చినా 104కి ఫోన్ చెయ్యండి.
• ఎన్టీఆర్ భరోసా పింఛను: కిడ్నీ మార్పిడి జరిగిన వారికి 2024 జూలై నుంచి నెలకు రూ.10,000. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పత్రాలతో మీ గ్రామ, వార్డు సచివాలయంలో అడగండి.
• వెన్నుపూస సమస్యతో కాళ్లు బలహీనంగా ఉన్న పిల్లలకు సదరం ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు.
• జీవన్‌దాన్: ఇంట్లో కిడ్నీ ఇచ్చేవాళ్లు కుదరకపోతే బ్రెయిన్ డెడ్ అయిన దాతల అవయవాల కోసం ఆసుపత్రి ద్వారా పేరు నమోదు చేయించాలి.

కిడ్నీ ఇచ్చిన తల్లీ, తండ్రీ

పిల్లల హడావుడిలో మిమ్మల్ని మీరు మర్చిపోకండి. ఒక కిడ్నీతో మామూలుగా బతకొచ్చు. కానీ ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రం పరీక్ష తప్పనిసరి. నొప్పి మాత్రలు మీకూ వద్దు.

ఇంకో పసిబిడ్డకు మీ వల్ల మేలు జరగొచ్చు

గర్భిణికి 18–20 వారాల స్కానింగ్‌లో బిడ్డ కిడ్నీలు ఉబ్బి కనిపిస్తే పుట్టగానే పిల్లల డాక్టరుకు చూపించాలి. మగబిడ్డకు మూత్రం ధారగా కాక చుక్కలు చుక్కలుగా వస్తున్నా, పసిపిల్లలకు కారణం తెలియని జ్వరం మళ్లీ మళ్లీ వస్తున్నా, వెన్ను మీద గడ్డ ఉన్నా ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు చెప్పాలి. అంగన్‌వాడీలకు, బడులకు వచ్చే ఆర్బీఎస్‌కే వైద్య బృందం ఇలాంటి పుట్టుక లోపాలున్న పిల్లల్ని గుర్తించి పెద్దాసుపత్రికి పంపుతుంది. పొర అడ్డాన్ని తొందరగా తీసేస్తే కిడ్నీని కాపాడుకునే అవకాశం పెరుగుతుంది.

చివరిగా

ఫ్రిజ్ మీదో, తలుపు మీదో ఒక కాగితం అంటించండి. దాని మీద నాలుగు సంగతులు రాయండి: మందుల వేళలు, మూత్రం వేళలు, తర్వాతి చెకప్ తారీఖు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఫోన్ నంబరు. ఇంట్లో ఎవరున్నా అది చూసి పిల్లల్ని చూసుకోగలగాలి.

ఈ సమాచారం డాక్టరు సలహాకు బదులు కాదు. మీ పిల్లల విషయంలో మీ డాక్టరు వేరేగా చెబితే ఆ మాటే పాటించండి. ఈ పీడీఎఫ్ మీ ఊళ్లో అవసరమున్న ఇంకో కుటుంబానికి పంపండి.